బడ్ ఫ్రీడ్‌మన్

బడ్ ఫ్రీడ్‌మన్ (1932–2022) అమెరికన్ స్టాండప్ కామెడీ నిర్వాహకుడు, ఇంప్రావ్ క్లబ్బుల స్థాపకుడు. కనెటికట్‌లోని నార్విచ్‌లో పుట్టారు. కొరియా యుద్ధంలో గాయపడ్డారు. బోస్టన్‌లో ప్రకటనల సంస్థ ఉద్యోగం వదిలి, బ్రాడ్‌వే నాటక నిర్మాత కావాలని న్యూయార్క్ వచ్చారు.

నాటకరంగంలో పరిచయాలు పెంచుకోవడానికి 1963లో మన్‌హటన్ 44వ వీధిలో మొదటి ఇంప్రావ్‌ను ఒక కాఫీ హోటల్‌గా తెరిచారు. ఆట ముగిశాక నటీనటులు వచ్చి సరదాగా పాడుకునే చోటు అది. హాస్యగాళ్లు తర్వాత చేరారు. గోడకున్న చెక్క పలకలు పీకితే ఇటుకలు బయటపడ్డాయి, వాటిని కప్పించడానికి డబ్బు లేదు. కామెడీ క్లబ్ అనగానే కళ్లముందు మెదిలే ఇటుక గోడ అలా వచ్చింది.

అంతకుముందు హాస్యగాడు నైట్‌క్లబ్బుల్లో గాయకులకు ముందు వచ్చి జనాన్ని ఉత్సాహపరిచి వెళ్లేవాడు. ఇక్కడ జనం అతని కోసమే వచ్చారు. రిచర్డ్ ప్రయర్, రాబర్ట్ క్లైన్, లిలీ టామ్లిన్ ఆ వేదిక మీద రాటుదేలారు. ఎవరు ఎప్పుడు ఎక్కాలో ఫ్రీడ్‌మన్ నిర్ణయించేవారు, కొత్తవాళ్లు అర్ధరాత్రి దాటేదాకా కాచుకోవాల్సి వచ్చేది. ఆండీ కాఫ్‌మన్ మొదటిసారి తడబడుతూ వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడితే ఫ్రీడ్‌మన్ అతన్ని నిజంగా పరదేశి అనుకున్నారు. మరుక్షణం కాఫ్‌మన్ ఎల్విస్ ప్రెస్లీలా పాడాడు. పరిచయం లేని మనిషికీ మైకు అందించిన ఈ తీరే ఫ్రీడ్‌మన్ చేసిన అసలు పని.

అయితే ఆ మైకుకు చాలాకాలం పారితోషికం లేదు. ఆయన 1975లో లాస్ ఏంజెలస్ మెల్రోజ్ అవెన్యూలో రెండో ఇంప్రావ్ తెరిచారు. అక్కడ మిట్జీ షోర్ నడిపిన కామెడీ స్టోర్ ప్రధాన పోటీగా ఉండేది. డబ్బివ్వాలంటూ 1979లో కళాకారులు ఆ క్లబ్ ముందు సమ్మె చేశారు, చివరికి గెలిచారు. అది న్యాయమైన కోరిక: టికెట్ కొన్నవాళ్లు వచ్చింది వాళ్లను చూడటానికే. అదే ఏడాది లాస్ ఏంజెలస్ ఇంప్రావ్ అగ్నిప్రమాదంలో బాగా దెబ్బతింది, మళ్లీ నిలబడింది.

1982లో మొదలైన 'యాన్ ఈవెనింగ్ ఎట్ ది ఇంప్రావ్' టీవీ కార్యక్రమం 1996 దాకా సాగి క్లబ్ పేరును ఇంటింటికీ చేర్చింది, శాఖలు ఇతర నగరాలకు విస్తరించాయి. విడాకుల తర్వాత న్యూయార్క్ క్లబ్‌ను మాజీ భార్య సిల్వర్ నడిపారు. అది 1992లో మూతపడింది. ఫ్రీడ్‌మన్ 2022 నవంబరులో లాస్ ఏంజెలస్‌లో 90 ఏళ్ల వయసులో మరణించారు.