అమ్మమ్మ వచ్చింది, గాడ్రిచ్ వెళ్దాం

కారెక్కండి. వెనక సీట్లో కిటికీ పక్క చోటు మీదే. మధ్యలో మా వాడు, అటు చివర మా అమ్మ. ఆవిడ ఒళ్ళో పులిహోర గిన్నె. డిక్కీలో పెడతానంటే ఇవ్వదు. జులై ఆదివారం, పొద్దున్న తొమ్మిదయింది. ఒంటారియోలోని మా కిచెనర్ ఊరు ఇంకా పూర్తిగా లేవలేదు.

"సముద్రం ఎంత దూరమే?" అంటోంది అమ్మ. భీమిలిలో పుట్టి పెరిగిన మనిషి. తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చిన దగ్గర్నుంచీ ఇళ్ళూ, దుకాణాలూ తప్ప ఏమీ చూపించలేదని ఆవిడ ఫిర్యాదు.

"సముద్రం కాదమ్మా, సరస్సు."

"సముద్రమే!" అంటాడు మా వాడు. వాడికి ఎనిమిదేళ్ళు. ఊహ తెలిసినప్పట్నుంచీ ప్రతి వేసవిలోనూ చూస్తున్నాడు, వాడి మాటకి తిరుగులేదు.

ఈ ఊరికి సముద్రం లేదు గానీ, ఊరి పేరులో మాత్రం ఒక సముద్రపు చావు ఉంది. 1916 దాకా దీని పేరు బెర్లిన్. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ పేరు మోయలేక మార్చుకున్నారు. ఆ జూన్‌లోనే ఓడతో పాటు స్కాట్లండ్‌కి ఉత్తరాన మునిగిపోయిన లార్డ్ కిచెనర్ పేరు పెట్టుకున్నారు. ఆయనే అంతకు ముందు మన దేశంలో బ్రిటిష్ సైన్యానికి సేనాధిపతి, 1902 నుంచి 1909 దాకా. ఈ సంగతి చెబితే అమ్మ, "పోయినోడి పేరు పెట్టుకున్నారా ఊరికి!" అని ఊరుకుంది.

ఎనిమిదో నంబరు హైవే. న్యూ హాంబర్గ్ దాటాక షేక్‌స్పియర్ అనే పల్లె వస్తుంది, దాని తర్వాత స్ట్రాట్‌ఫర్డ్. షేక్‌స్పియర్ సొంతూరిలో లాగానే, అక్కడి ఏరు పేరు కూడా ఏవనే. వలస వచ్చినవాళ్ళు ఊళ్ళ పేర్లు కూడా మూట కట్టుకొచ్చారు. ఆగి కాఫీ తాగండి, మా వాడికి టింబిట్స్ అనే చిట్టి డోనట్లు కావాలి. ఇక్కణ్ణుంచి రోడ్డుకి రెండు పక్కలా మొక్కజొన్నే. మిచెల్, సీఫర్త్, క్లింటన్. ఈ క్లింటన్‌లోనే ఆలిస్ మన్రో ఏళ్ళ తరబడి ఉండి కథలు రాసింది, 2013లో నోబెల్ వచ్చింది. సీటు అటు చివర చూడండి, అమ్మ కునుకు తీస్తోంది. గిన్నె మాత్రం వదల్లేదు.

గాడ్రిచ్. ఊరి నడుమ కోర్టు, దాని చుట్టూ ఎనిమిది మూలల రోడ్డు. దాన్ని స్క్వేర్ అంటారు, ఎందుకో అడక్కండి. చెట్లు ఇంకా పెద్దవి కాలేదు. 2011 ఆగస్టు 21న, ఒక ఆదివారం మధ్యాహ్నం, సరస్సు మీంచి సుడిగాలి వచ్చి పాత మానుల్ని పెరికేసింది. వెస్ట్ స్ట్రీట్‌లోకి తిరిగాం. దిగుడు మొదలైంది. ఇప్పుడు ఎదురుగా చూడండి.

నీళ్ళు. ఎడమ కొస నుంచి కుడి కొస దాకా నీళ్ళే, అవతలి ఒడ్డన్నది లేదు. అమ్మ నిటారుగా కూర్చుంది. "ఏటే, ఇది సరస్సేటే?" అంది.

చెప్పులు విప్పకండి. భీమిలి ఇసకలాగా మెత్తగా ఉండదు, కాళ్ళ కింద గులకరాళ్ళు గుచ్చుకుంటాయి. అల ఒకటి చీలమండల దాకా వచ్చి జివ్వుమంది, జులై అయినా చలే. మా వాడు అప్పుడే నడుం లోతులో ఉన్నాడు. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వంగింది, దోసిట్లోకి నీళ్ళు తీసుకుంది, పుక్కిలించింది. మొహం చిట్లించింది.

"చప్పగా ఉన్నాయి!"

"అమ్మమ్మ లేక్ తాగేసింది!" అని వాడు గంతులు.

గాలి పీల్చి చూడండి. నీచు వాసన లేదు. తెప్పలు లేవు, ఒడ్డున ఎండుతున్న చేపలు లేవు, వల లాగేవాళ్ళ కేకలు లేవు. నా వేసవి సెలవులన్నీ ఆ వాసనలోనే గడిచాయి. విశాఖలో బస్సెక్కితే ఊరు వచ్చేలోపే కిటికీలోంచి తగిలేది. డచ్చివాళ్ళ సమాధుల మధ్య దాగుడుమూతలు, గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఈత, నిప్పుల మీద కాల్చి నిమ్మచెక్కా కారం ఉప్పూ రుద్దిన మొక్కజొన్న పొత్తు. ఇక్కడ ఆ పొత్తు లేకపోవడమే నాకు పెద్ద కొరత. వచ్చే దారి పొడుగునా మొక్కజొన్న ఉండీ!

"ఉప్పు కిందుందండీ అత్తయ్యగారూ," అంటున్నారు మా ఆయన, రేవు వైపు చెయ్యి చూపిస్తూ. అటే చూడండి, పొడుగాటి ఓడ ఒకటి సరుకు నింపుకుంటోంది. నింపుతున్నది ఉప్పే. 1866లో చమురు కోసం బోరు వేస్తే ఉప్పు తగిలింది. 1959 నుంచి గని నడుస్తోంది. అర కిలోమీటరుకి పైగా లోతున, ఈ సరస్సు అడుక్కి కింద, సొరంగాల్లో లారీలు తిరుగుతుంటాయి. ప్రపంచంలో భూగర్భ ఉప్పు గనుల్లో ఇదే పెద్దదంటారు. 40 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ నిజంగానే సముద్రం ఉండేది, అది ఎండగా మిగిలిన ఉప్పది. చాలా మటుకు చలికాలం రోడ్ల మీద మంచు కరిగించడానికే పోతుంది.

అమ్మ ఇదంతా విని, "అయితే పిల్లాడు చెప్పిందే కరెక్టు," అని గిన్నె మూత తీసింది. తినండి. చల్లారినా పులిహోర పులిహోరే.

సాయంత్రం ఎనిమిదిన్నర. చీకటి పడుతుందనుకునేరు, తొమ్మిది దాటితే గానీ పొద్దు వాలదు. అమ్మకి ఇదింకో వింత. భీమిలిలో సూర్యుడు నీళ్ళలోంచి పైకి వస్తాడు, ఆయన్ని చూడాలంటే మమ్మల్ని కోడికూతకి లేపేసేది. ఇక్కడ నీళ్ళలోకి దిగుతాడు. ఊళ్ళోవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని ఒడ్డున వరసగా కూర్చున్నారు. మా వాడికి సముద్రమంటే ఇదే. కాళ్ళు నొప్పెట్టే రాళ్ళు, ఐస్‌క్రీము, ఎంతకీ పడని పొద్దు, కారులో నిద్ర. నా భీమిలికి ఇది ఏమాత్రం తీసిపోదు.

మీరు ఒంటారియో వస్తే నయాగరాతో సరిపెట్టుకోకండి. కిచెనర్ నుంచి ఎనిమిదో నంబరు రోడ్డు పట్టుకుంటే గంటన్నరలో గాడ్రిచ్. ఒక్కటే జాగ్రత్త, నీళ్ళు చప్పగా ఉన్నాయని తేలిగ్గా తీసుకోవద్దు. 1913 నవంబరు తుఫానులో ఈ మహాసరస్సుల మీద 250 మందికి పైగా పోయారు, ఎన్నో శవాలు ఈ ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. అలలు లేచిన రోజున పిల్లల్ని రేవు గోడల పక్కన నీళ్ళలోకి దింపకండి, అక్కడ నీరు లోపలికి లాగుతుంది.