అక్వేరియం అడుగు అద్దం: కొంత చరిత్ర

మన సభ్యుల ఇళ్ళలో మనుమల ముచ్చట కోసం చేపల తొట్టెలు వెలుస్తున్నవి. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో నేను చూసిన చాలా తొట్టెల కింద థర్మోకోల్ పరచి ఉంది. ఎందుకని అడిగితే "షాపువాడు వేయమన్నాడు" అన్నవారే గాని కారణం చెప్పినవారు లేరు. కారణం తొట్టె చరిత్రలోనే ఉంది.

1850 ప్రాంతంలో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చేపలను, నీటిమొక్కలను ఒకే తొట్టెలో పెంచి చూపాడు. 1853లో లండన్ జూలో చేపల ప్రదర్శనశాల తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ గాస్ పుస్తకంతో అక్వేరియం అనే పేరు ప్రచారమైంది. మనకు అప్పటి రాజధాని అయిన మద్రాసులో, మెరీనా ఒడ్డున, 1909లోనే అటువంటి ప్రదర్శనశాల వచ్చింది.

ఆనాటి తొట్టెలకు చాలావరకు అడుగున గాజు ఉండేది కాదు. ఇనుప చట్రం, చుట్టూ అద్దాలు, అతుకులకు లప్పం, అడుగున పలకరాయి. మన మార్కాపురం పలకల రాయి జాతిదే. రాయి మందం, చట్రం గట్టి. కింద మెత్తతో పనిలేదు. 1960ల తర్వాత సిలికోన్ జిగురు వచ్చి చట్రాన్ని సాగనంపింది. తొట్టెకు అందం పెరిగింది, అడుగు అద్దానికి తిప్పలు మొదలైనవి.

మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టె నిండితే నీరే 127 కిలోలు. ధాన్యం బస్తాన్నర పైమాటే! గాజు ఒత్తిడిని ఓర్చుకుంటుంది గాని వంపును ఓర్వదు. అడుగు అద్దం నేరుగా బల్లమీద ఆనే తొట్టెకు కింద ఒక్క ఇసుక రేణువున్నా చాలు, అక్కడ పొడుచుకుంటుంది. అర అంగుళం థర్మోకోల్ ఆ రేణువును తనలో ఇముడ్చుకొని బరువును అంతటా సర్దుతుంది. ప్లాస్టిక్ చట్రం ఉన్న తొట్టె సంగతి వేరు. అందులో అడుగు అద్దం బల్లకు తగలదు, బరువు అంచుల మీదుగా దిగుతుంది. దాని మధ్యన మెత్త పెట్టడమంటే అద్దాన్ని కిందినుంచి పొడవడమే.

థర్మోకోల్ బల్ల వంకరను మాత్రం తీర్చలేదు. మన పాత ఇళ్ళలో కడిగిన నీళ్ళు పోవడానికి నేలకు వాటం ఇచ్చేవారు కదా! రేపల్లెలో మా బావమరిది ఇంట వసారాలో పెట్టిన తొట్టె ఒక రాత్రి అడుగున మూలకు చీలింది. చప్పుడుకు లేచి చేపలను బిందెలోకి మార్చేసరికే నీరు వాటం వెంట గడప దాటింది. చూస్తే స్టాండు నాలుగో కాలు నేలకు ఆనలేదు. తాపీమేస్త్రీ చేత రసమట్టం పెట్టించి, ఆ కాలి కింద రేకు ముక్క వేయించి, పైన మందపు ప్లైవుడ్ పరచి మరో తొట్టె నిలిపారు. సగం నీరు పోశాక ఆగి, మళ్ళీ రసమట్టం చూసి మిగతాది నింపారు.