గీత మీద మనసు

హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చే బస్సు కోదాడ దాటాక గరికపాడు చెక్‌పోస్టు తగులుతుంది. ఒకప్పుడు అటు నిజాం రాజ్యం, ఇటు ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి. 1956లో ఆ గీత చెరిగింది, 2014లో మళ్ళీ పడింది. గీతలు మనుషులు గీసేవే కదండీ!

మనసు వైద్యంలోనూ అలాంటి గీత ఒకటుంది. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే న్యూయార్కు వైద్యుడు, మామూలు ఆందోళనకీ మతి చలించడానికీ మధ్య ఉన్నారనుకున్న రోగులను ‘బోర్డర్‌లైన్’ అన్నాడు. 1980లో ఆ పేరు అమెరికా వైద్యుల జబ్బుల జాబితాకెక్కింది. అయినవాళ్ళు వదిలేస్తారేమోనన్న భయం, ఆగని ఉద్రేకం, పొద్దున దేవతైన మనిషే సాయంత్రానికి శత్రువు కావడం, తనకు తానే హాని చేసుకోవడం దీని లక్షణాలు. ఇళ్ళలో మాత్రం దీన్ని ‘పొగరు’ అంటాం, ‘నటన’ అంటాం.

1961లో 17 ఏళ్ళ మార్షా లినెహన్‌ను అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రిలో చేర్చారు. స్కిజోఫ్రీనియా అన్నారు. 26 నెలలు ఉంచారు. ఆ పిల్లే సైకాలజీ చదివి డి.బి.టి. అనే చికిత్స తయారుచేసింది. బాధ నిజమేనని ఒప్పుకుంటూనే, ఉద్రేకం పొంగినప్పుడు నిలదొక్కుకునే మెళకువలు వారం వారం నేర్పడమే అందులో కీలకం. 1991లో దాని ఫలితాలు ప్రకటించింది. 2011లో అదే ఆస్పత్రిలో నిలబడి తన కథ చెప్పింది.

ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధనల్లో ఎక్కువమందికి లక్షణాలు తగ్గుముఖం పట్టాయి. మీ ఇంట్లో అలాంటి పిల్లో, పిల్లాడో ఉంటే తిట్టకండి. ‘నీ బాధ నిజమేనమ్మా, డాక్టరుకి చూపిద్దాం’ అనండి. ఎవరికి చూపించాలో తెలియకపోతే టెలి-మానస్ 14416కి ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.