లక్నోలో మొదలైన ఆట

మహిళల ఫుట్‌బాల్‌కంటూ మన దేశంలో ఒక సమాఖ్య పుట్టింది 1975లో, లక్నోలో. ఆ ఏడే అక్కడ తొలి జాతీయ పోటీలు జరిగాయి, బెంగాల్ గెలిచింది. అప్పటికి బ్రెజిల్‌లో ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడటం చట్టరీత్యా నిషిద్ధం, 1979 దాకా అంతే. మనం ఆలస్యంగా బయలుదేరలేదన్న మాట ఈ స్వర్ణోత్సవ సంచికలో ముందుగా చెప్పుకోవాలి.

ఈస్ట్ బెంగాల్ క్లబ్ తొలి కోచ్ సుశీల్ భట్టాచార్య మన అమ్మాయిల జట్టుకూ తొలి గురువు. 1980లో కోళికోడ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో ఆతిథ్య దేశంగా రెండు జట్లను దింపాం. వాటిలో ఒకటి ఫైనల్‌కు చేరి చైనీస్ తైపీ చేతిలో 0-2తో ఓడింది. 1983లో బ్యాంకాక్‌లోనూ ఫైనల్ ఆడాం. ఆ ఏడాదికి శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు దక్కింది. మరో మహిళా ఫుట్‌బాలర్‌కు ఆ గౌరవం 2017లో గానీ దక్కలేదు.

మధ్యలో ఏమైంది? 1990ల మొదట్లో బాధ్యత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య చేతికి వెళ్లింది. మ్యాచ్‌లు తగ్గిపోయాయి. చాలాకాలం ఆడకపోవడంతో 2009లో ఫిఫా ర్యాంకుల జాబితా నుంచే మన పేరు తీసేశారు. ఆ తప్పు పెద్దలదే. అమ్మాయిలు మాత్రం ఆట మానలేదు. 2017లో అర్జున అందుకున్న మణిపూర్ అమ్మాయి బెంబెం దేవి, చిన్నప్పుడు మగపిల్లల జట్టులో చోటు కోసం అబ్బాయి పేరు చెప్పుకుంది. ఆమె తరంలో మణిపూర్ జాతీయ టైటిళ్లను వరసగా పట్టుకుపోయింది.

ఊళ్లో ఆడే పిల్ల కష్టం మ్యాచ్ రోజుది కాదు, రోజూ సాయంత్రానిది. ఇంట్లో నీళ్లూ వంటా అయ్యాకే గ్రౌండుకు వెళ్లాలి. అక్కడ బాత్రూం ఉండదు. నిక్కరు చూసి చుట్టాలు నాలుగు మాటలంటారు. పదో తరగతి అవగానే పెళ్లి మాట వస్తుంది. బూట్లు చిరిగితే కొనేదెవరు? పీఈటీ మేడమ్ బదిలీ అయితే జట్టే చెదిరిపోతుంది.

2022లో మన దేశంలోనే జరిగిన అండర్-17 ప్రపంచకప్‌కు భారత జట్టు కెప్టెన్ అష్టమ్ ఓరావ్. జార్ఖండ్‌లో గుమ్లా జిల్లా బిడ్డ. ఆమె గౌరవార్థం ఊరికి రోడ్డు వేస్తుంటే, అందులో ఆమె తల్లిదండ్రులే దినకూలీలుగా పనిచేశారు. ఆ వార్త చదివినప్పుడు కలిగిన గర్వమూ బాధా నాలో ఇప్పటికీ విడివిడిగా లేవు. కూతురి ఆట వల్ల ఊరికి దారి పడింది, ఇంటికి కూలి తప్పలేదు.

తెలుగువాళ్లకు ఈ కథలో సొంత పేరుంది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ క్రొయేషియాలో డినమో జాగ్రెబ్‌కు ఆడి, ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా నిలిచింది. జాతీయ జట్టూ ముందుకు కదిలింది: 2025 జులైలో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో సంగీతా బాస్ఫోర్ రెండు గోల్స్ కొట్టగా, భారత్ థాయ్ జట్టును 2-1తో ఓడించి, తొలిసారి అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్‌కు వెళ్లింది.

సన్మానాలు జరగనివ్వండి, జరగాల్సినవే. కానీ ఈ ఏడాది సమాఖ్య నుంచి నేను కోరేది ఇంకొకటి: ప్రతి జిల్లాలో బాలికలకు నెలల తరబడి సాగే లీగు, పక్కనే ఒక మహిళా కోచ్, గ్రౌండులో తాళం వేయని బాత్రూం.