సవరల కోసం సొంత జీతంతో బడి: గిడుగు పంతులు మనకు మిగిల్చిన పాఠం



ఆగస్టు నెలలో రెండు రోజులు మనం గుర్తుపెట్టుకోవాలి. 9వ తేదీ ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 29వ తేదీ తెలుగు భాషా దినోత్సవం. మొదటిది మన పండుగ అని డప్పులు కట్టుకుని ఊరేగింపు తీస్తాం. రెండోది బడిలో టీచర్లు చేయిస్తే చేస్తాం. "అది తెలుగు పండితుల పండుగలే, మనకేం సంబంధం" అనుకుంటాం.

సంబంధం ఉంది. ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. వాడుక భాషా ఉద్యమానికి పెద్దగా ఆయన అందరికీ తెలుసు. అయితే ఆయన తన జీవితంలో ఎక్కువ భాగం ఖర్చుపెట్టింది ఒక ఆదివాసీ భాష కోసం, ఆ పిల్లల బడి కోసం. పండితులతో వాదానికి దిగడానికి ముందే ఆయన సవర పిల్లల చదువు గురించి ఆలోచించారు. ఈ సంచికలో ఆ బడి కథ మీకు చెప్పాలని మేము అనుకున్నాం. అది పాత కథే, కానీ మన ఉద్యోగాలకూ మన పిల్లల చదువుకూ ఇవాళ్టికీ అదే ప్రశ్న.

ఈ వ్యాసం మేము ఉప్పాడలో కూర్చుని రాస్తున్నాం. ఇక్కడ సముద్రం ఏటేటా ఊరిని కోసుకుపోతోంది. కాకినాడ నుంచి వచ్చే బీచ్ రోడ్డుకు ఎన్నిసార్లు రాళ్లు పోసినా తుపాను వస్తే మళ్లీ తెగిపోతుంది. ఇల్లు పోయినవాళ్లకు ఫలానా చోట మా ఇల్లు ఉండేదని చూపించడానికి నీళ్లే మిగిలాయి. భాష పోవడం కూడా ఇలాగే ఉంటుంది. ఒక్కరోజులో పోదు. తాత మాట్లాడతాడు, తండ్రికి అర్థమవుతుంది, కొడుకుకు నాలుగు మాటలు మిగులుతాయి.

పర్లాకిమిడి పంతులు

రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో, వంశధార ఒడ్డున ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు గారు ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు. నెల జీతం 30 రూపాయలు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. సంతరోజున అటవీ సరుకులు తెచ్చి అమ్ముకునేవారు. బేరం తెలుగులోనో ఒడియాలోనో జరగాలి. కోర్టు కాగితం, అప్పు కాగితం కూడా వాళ్లకు రాని భాషలోనే ఉంటాయి. భాష రానివాడు లెక్కలో మోసపోతాడు. ఇది మన తాతలకు బాగా తెలిసిన సంగతే.

చదువు చెబితే వాళ్ల బతుకు మారుతుందని రామమూర్తి గారు అనుకున్నారు. కానీ ఏ భాషలో చెప్పాలి? సవర తెలుగు లాంటిది కాదు. అది ముండా కుటుంబానికి చెందింది. సంతాలీ, ముండారీ దాని చుట్టాలు. గొంతులో ఆపి పలికే శబ్దాలు అందులో ఉన్నాయి. తెలుగు వాచకం ముందు పెడితే సవర పిల్లవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. సవరలో మాట్లాడితే పంతులుకూ అర్థం కాదు.

అప్పుడు ఆయన చేసిన పని చూడండి. పిల్లవాడిని తెలుగు నేర్చుకుని రమ్మనలేదు. తానే సవర నేర్చుకున్నారు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే ఉంచుకుని, మాట మాట అడిగి రాసుకున్నారు. కొండల్లో తిరిగారు. మన్యం జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిందని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. ఒక భాషలోని శబ్దాల కోసం తిరిగిన మనిషికి ఆ తిరుగుడే చెవులు పోగొట్టడం బాధాకరం. అయినా పని ఆపలేదు.

ఆ బడిలో ఏముంది

సర్కారు ఆజ్ఞతో కాకుండా, ఆయన పట్టుదల మీద మొదలైన బడులు అవి. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతాలు కూడా తానే ఇచ్చారు. నెల జీతం మీద బతికే మనిషి మరొకరికి జీతం ఇవ్వడం అంటే ఏమిటో మన ఇళ్లల్లో ఎవరినడిగినా చెబుతారు.

ఆ బడికి మూడు పునాదులు ఉన్నాయి.

మొదటిది, పాఠం ఇంటి భాషలో. సవర పిల్లలకు సవరలోనే చదువు. అప్పట్లో ఈ ఆలోచన చాలామందికి వింతగా ఉండేది. లిపి లేని భాషకు బడి ఏమిటని అడిగేవాళ్లు ఇవాళా ఉన్నారు.

రెండోది, పుస్తకం. సవరకు అప్పటికి రాత లేదు. ఆయన తొలి పుస్తకాలకు తెలుగు అక్షరాలను వాడుకున్నారు. వాచకాలు రాశారు, సవరల కథలూ పాటలూ సేకరించారు, మాటల పట్టికలు తయారుచేశారు. వాళ్లు ఇంట్లో పాడుకునే పాటే పుస్తకంలో కనబడింది. తన అమ్మమ్మ చెప్పిన కథ అచ్చులో చూసిన పిల్లవాడికి బడి పరాయిది అనిపించదు.

మూడోది, ఉపాధ్యాయుడు. ఆ భాష వచ్చినవాడు ఉంటేనే పై రెండూ పనికొస్తాయి. పుస్తకం ఎంత బాగున్నా, చెప్పే మనిషికి ఆ మాట రాకపోతే అది బీరువాలోనే ఉండిపోతుంది.

1911లో రామమూర్తి గారు ఉద్యోగం నుంచి విరమించారు. 1913లో మద్రాసు ప్రభుత్వం ఈ కృషికి మెచ్చి బిరుదు ఇచ్చింది. ఆయన సవర భాషా వ్యాకరణాన్ని 1931లో ప్రభుత్వమే అచ్చువేసింది. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు.

గోదావరి ఒడ్డుకు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయింది. పర్లాకిమిడి అందులో కలిసింది. అది ఇష్టంలేక, రామమూర్తి గారు యాభై ఆరేళ్లు బతికిన ఊరు వదిలి మన రాజమహేంద్రవరం వచ్చేశారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. అంటే ఒక ఆదివాసీ భాష నిఘంటువు చివరి మెరుగులు మన గోదావరి గట్టున దిద్దుకుందని చెప్పుకోవచ్చు. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు.

ఆయన ఊరు వదిలిన అదే 1936లో సవరల్లోంచే మంగేయి గొమాంగో అనే పెద్ద తమ భాషకు సొంత లిపి తయారుచేశారు. దాని పేరు సొరంగ్ సొంపెంగ్. బయటి నుంచి వచ్చిన పంతులు ఒక దారి వేస్తే, లోపలి మనిషి మరో దారి వేసుకున్నాడు. రెండూ గుర్తుపెట్టుకోవాలి. మన భాష కోసం ఎవరో వచ్చి చేయాలని ఎదురుచూడకూడదు. వచ్చి చేసినవాళ్లను మరచిపోనూ కూడదు.

పిఠాపురం వైపు నుంచి ఒక మాట

ఉప్పాడకు దగ్గరలోనే పిఠాపురం. ఆ సంస్థానం ధనసహాయంతోనే సూర్యరాయాంధ్ర నిఘంటువు తయారైంది. దానికి పెద్దగా నిలిచిన జయంతి రామయ్య పంతులు గారు గ్రాంథిక భాషా పక్షానికి నాయకుడు, గిడుగు వారికి ప్రధాన ప్రత్యర్థి. బడి పుస్తకాల్లో పాతకాలపు కావ్యభాషే ఉండాలని ఒక పక్షం, జనం మాట్లాడే భాష ఉండాలని రెండో పక్షం. 1919లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు అధ్యక్షులుగా, గిడుగు వారు కార్యదర్శిగా వాడుక భాష కోసం సమాజం కూడా పెట్టారు.

సవర పిల్లవాడికి తెలుగు ఎలా పరాయిదో, తెలుగు పిల్లవాడికి గ్రాంథికం అలా పరాయిది. రెండు చోట్లా రామమూర్తి గారి వాదన ఒకటే: బిడ్డ నోట ఉన్న మాటతోనే చదువు మొదలవ్వాలి.

ఇది మన గోదావరి మన్యానికి నేరుగా తగులుతుంది. రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లోని కొండరెడ్ల మాతృభాష తెలుగే. కాబట్టి వాళ్లకు భాషా సమస్య లేదని పైవాళ్లు అనుకుంటారు. కానీ కొండరెడ్డి పిల్లవాడి తెలుగు వేరు, పుస్తకంలోని తెలుగు వేరు. వాడి యాసను "తప్పు" అని కొట్టేస్తే వాడు మాట్లాడటమే మానేస్తాడు. తీర ప్రాంతంలో ఉన్న ఎరుకల వారికి తమిళానికి దగ్గరగా ఉండే సొంత భాష ఉంది. ఇంట్లో మాట్లాడుకుంటారు, బయట దాచుకుంటారు. మనలో చాలామందిమి బడిలో మన మాట అని నవ్వులపాలైనవాళ్లమే. ఒక బడిలో మాలో ఒకరు మొదటి ఏడాదంతా నోరు విప్పలేదు. చదువు రాక కాదు, మాట తప్పు పోతుందన్న భయంతో.

ఉపాధ్యాయుడు ఎవరు కావాలి

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలో 1956లో 350-ఎ అధికరణం చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించడానికి రాష్ట్రాలు కృషి చేయాలని అది చెబుతుంది. కాగితం మీద గిడుగు వారి ఆలోచన గెలిచినట్టే. కానీ కొండ మీది బడికి టీచరు వెళ్లేవాడు కాదు, వెళ్లినా ఉండేవాడు కాదు, ఉన్నా భాష రాదు.

అందుకే 1986 నవంబరు 5న జీవో 275 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అని. అది కోర్టు వివాదాల్లో పడింది. తర్వాత 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. స్థానిక గిరిజనులకు నూరు శాతం పోస్టులు, అందులో మూడోవంతు మహిళలకు. మన కుటుంబాల్లో మొదటి ప్రభుత్వ ఉద్యోగం చాలామందికి ఈ జీవో వల్లే వచ్చింది. మన అక్కలు మొదటిసారి టీచరమ్మలయ్యారు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జీవో 3ని కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. అప్పటికే నియమితులైనవారి ఉద్యోగాలను షరతులతో కాపాడింది. ఆ రోజు నుంచి మన సంఘాలు ధర్నాలు చేస్తూనే ఉన్నాయి. చేయాలి కూడా.

అయితే ధర్నాలో మనం ఏమని అడుగుతున్నామో మనకే స్పష్టంగా ఉండాలి. అది ఉద్యోగాల కోసమే అయితే, ఎదుటివాడు "మాకూ ఉద్యోగాలు కావాలి" అంటాడు. అది పిల్లవాడి కోసం అయితే, మన వాదనకు బలం వేరు. ఈ బిడ్డ భాష వచ్చినవాడే ఈ బడిలో ఉండాలని నిలబడి అడగవచ్చు. కానీ అలా అడగాలంటే మనకు ఆ భాష వచ్చి ఉండాలి. మన వాళ్లలోనే కొందరు టీచర్లు తరగతిలో తమ భాష మాట్లాడటానికి సిగ్గుపడతారు. ఇంట్లో పిల్లలకు నేర్పరు. అలాంటప్పుడు మన వాదనను మనమే పలుచన చేసుకుంటున్నాం. బయటి నుంచి వచ్చిన పంతులు చెవులు పోగొట్టుకుని నేర్చుకున్న మాటను, పుట్టుకతో వచ్చిన మనం వదిలేసుకుంటే ఎవరిది తప్పు?

వందేళ్ల తర్వాత మళ్లీ

2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే 8 భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు తయారుచేశారు. ఒకటో తరగతి ఇంటి భాషలో మొదలుపెట్టి, క్రమంగా తెలుగులోకి తీసుకెళ్లాలన్నది పద్ధతి. ఆ పుస్తకాల తయారీలో మన ఉపాధ్యాయులే కూర్చున్నారు. ఊరి పెద్దల దగ్గర కథలు, పొడుపుకథలు, పాటలు సేకరించారు. గిడుగు వారి బడిలోని మూడు పునాదులే మళ్లీ వచ్చాయి: భాష, పుస్తకం, మనిషి.

ఒక్క మనిషి జీతం మీద నడిచే బడి ఆ మనిషి ఓపిక ఉన్నంతకాలమే నడుస్తుంది. ప్రభుత్వం నడిపే బడి ప్రభుత్వానికి గుర్తున్నంతకాలం నడుస్తుంది. ఊరు తనదనుకున్న బడి మాత్రమే తరాల పాటు నిలుస్తుంది. ఉప్పాడ నేతగాళ్ల ఇంట్లో చూడండి. జామ్దానీ నేత బిడ్డకు మగ్గం దగ్గరే, ఇంటి మాటల్లోనే వస్తుంది. నేర్పేది ఇంటివాళ్లే కాబట్టి ఆ పని ఇంతకాలం నిలిచింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు చేయగలిగినవి మూడు ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లు బతికి ఉండగానే వాళ్ల మాటలు, పాటలు, చెట్ల పేర్లు, చేపల పేర్లు ఫోనులో రికార్డు చేసి రాసుకోండి. గిడుగు వారికి ఫోను లేదు, కాగితం కలం ఉన్నాయి. మీలో డీఎస్సీకి చదువుతున్నవాళ్లు ఉద్యోగం వచ్చాక మన భాషలోనే మొదటి పాఠం చెబుతామని మాట ఇవ్వండి. బయటి టీచరు మీ ఊరికి వస్తే, ఆయన్ను దూరం పెట్టకుండా మన నాలుగు మాటలు నేర్పండి. ఒకప్పుడు పర్లాకిమిడిలో ఒక పంతులు ఇంట్లో కూర్చుని సవర నేర్పిన ఆ మనిషి పేరు మనలో ఎవరికీ తెలియదు. కానీ ఆయన నేర్పకపోతే ఆ బడే లేదు.

రాబోయే ఆగస్టు 29న మీ బడిలో గిడుగు వారి పటానికి దండ వేసేటప్పుడు, ఒక్క మాటైనా మన భాషలో మాట్లాడండి. ఆయనకు అంతకన్నా మంచి దండ ఉండదు.

జై ఆదివాసీ!