బోరు మోటారులోకి ప్లాస్టిక్ ఎలా వచ్చింది?

బోరులోంచి పైకి తీసిన సబ్‌మెర్సిబుల్ పంపును షాపులో విప్పేటప్పుడు ఒకసారి దగ్గరగా చూడండి. పైన స్టీలు గొట్టం, లోపల షాఫ్టుకు వరసగా గుచ్చిన స్టేజీలు. ఒక్కో స్టేజీలో గిర్రున తిరిగే ఇంపెల్లర్ ఒకటి, ఆ నీటిని పై స్టేజీకి మళ్లించే గిన్నె ఒకటి. ఒకప్పుడు ఇంపెల్లర్లంటే గన్‌మెటల్‌వో పోత ఇనుమువో. ఇప్పుడు చాలా పంపుల్లో అవి ప్లాస్టిక్‌వి. వందల అడుగుల లోతు నుంచి నీళ్లను పైకి తోసేది అవే. ‘ప్లాస్టిక్ కదా, ఎన్నాళ్లు ఆగుతుంది?’ అని రైతు సందేహపడడం సహజం. నూరేళ్లు దాటిన చరిత్ర చూస్తే తెలిసేదేమిటంటే, లోహానికి చేతకాని పని ఎదురైన ప్రతిచోటా ప్లాస్టిక్ తన చోటు సంపాదించుకుంది. చౌక కావడం ఒక కారణమే కానీ, అదొక్కటే కారణం కాదు.

లక్క కొరతతో మొదలు

ప్లాస్టిక్ ముందుగా చేరింది మోటారులోకి. రాగి తీగలో పారే కరెంటు పక్క తీగలోకో ఇనుప కోరులోకో దూకకుండా మధ్యలో అడ్డు ఉండాలి. తొలినాటి మోటార్లలో అభ్రకం, నూలు, పట్టు, లక్క ఆ పని చేసేవి. లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. విద్యుత్ పరిశ్రమ పెరిగేకొద్దీ పురుగులు తయారుచేసే ఈ సరుకు చాలకుండా పోయింది. బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్ లక్కకు బదులు వెతుకుతూ 1907లో ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లను వేడి, ఒత్తిడి కింద కలిపి బేకలైట్‌ను సాధించారు. పూర్తిగా కృత్రిమమైన తొలి ప్లాస్టిక్ ఇదే. కరెంటును పోనివ్వదు, వేడికి కరగదు, అచ్చులో పోస్తే కోరిన ఆకారానికి వస్తుంది. టెర్మినల్ పలకలు, స్విచ్చులు, కమ్యుటేటర్లలో అది పాతుకుపోయింది.

1930ల చివరికి నూలు చుట్టిన తీగ స్థానంలో కృత్రిమ రెసిన్ ఎనామెల్ పూసిన తీగ రాసాగింది. పూత పలచన కాబట్టి అదే గాడిలో ఎక్కువ రాగి పడుతుంది. అంతే శక్తినిచ్చే మోటారు చిన్నదైంది.

టెఫ్లాన్, నైలాన్

పంపులో లోహానికి పెద్ద శత్రువు అది తోడే ద్రవమే. 1938 ఏప్రిల్ 6న అమెరికాలోని డ్యుపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ ఒక గ్యాస్ సిలిండర్ తెరిస్తే గ్యాస్ రాలేదు. కోసి చూస్తే లోపల జారుడుగా ఉన్న తెల్లని పొడి. అదే టెఫ్లాన్. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు కోసం యురేనియం శుద్ధి చేసినప్పుడు, దొరికినదాన్నల్లా తినేసే యురేనియం హెక్సాఫ్లోరైడ్‌ను ఆపడానికి సీళ్లలో, గాస్కెట్లలో టెఫ్లాన్‌ను వాడారు. ఈనాడు మందుల కంపెనీల్లో, రసాయన ఫ్యాక్టరీల్లో యాసిడ్‌ను తోడే పంపులకు లోపల టెఫ్లాన్ జాతి ఫ్లోరోప్లాస్టిక్‌ల, పాలీప్రొపిలీన్ తొడుగులు ఉండడం ఆ దారిలో వచ్చిందే.

1935లో వాలెస్ కరోథర్స్ బృందం తయారుచేసిన నైలాన్ గేర్లకు, బుష్‌లకు బాగా పనికొచ్చింది. దాన్ని నీటిలో ముంచితేనే చిక్కు. నైలాన్ 6 అనే రకం బాగా నానితే తన బరువులో 8, 9 శాతం దాకా నీరు తాగి ఉబ్బుతుంది. తిరిగే భాగానికీ కదలని భాగానికీ మధ్య మిల్లీమీటరులో కొద్ది వంతు సందు మాత్రమే ఉండే పంపులో ఆ ఉబ్బు చాలు, పట్టేయడానికి.

నోరిల్ రాక

ఈ చిక్కును తీర్చిన పదార్థానికి మూలం 1956లో దొరికింది. జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకుడు అలన్ హే రాగి ఉత్ప్రేరకం సాయంతో, ఆక్సిజన్‌తో ఒక ఫినాల్‌ను గొలుసుగా కూర్చి పాలీఫినిలీన్ ఆక్సైడ్‌ను చేశారు. వేడికి తట్టుకుంటుంది, నీటిని దాదాపు పీల్చుకోదు. కానీ కరిగించి అచ్చులో పొయ్యడం మహా కష్టం. పాలీస్టైరీన్‌తో కలిపితే రెండూ పూర్తిగా కలిసిపోయి, అచ్చుకు లొంగే గుణం వచ్చింది. సాధారణంగా రెండు ప్లాస్టిక్‌లు ఇలా కలవవు. 1966లో అది ‘నోరిల్’ పేరుతో బజారుకు వచ్చింది. మన మెకానిక్కులు ‘నోరిల్ ఇంపెల్లర్’ అనేది దీన్నే.

లోహపు ఇంపెల్లర్‌ను ఇసుక అచ్చులో పోత పోస్తారు. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు దేశీయ మోటారు తయారుచేసిన కోయంబత్తూరు పంపుల ఊరుగా ఎదిగింది ఇలాంటి ఫౌండ్రీల అండతోనే. అయితే మూసి ఉండే ఇంపెల్లర్‌లో రెండు బిళ్లల మధ్య వంపు తిరిగిన దారులు ఇసుక గరుకుతోనే ఉండిపోతాయి. అంత ఇరుకులోకి ఆకురాయి పోదు. ఆ గరుకు మీద నీరు రాసుకుంటూ పోతుంటే కరెంటు వృథా అవుతుంది. ప్లాస్టిక్‌లో రెక్కలతో కూడిన బిళ్లను ఒక అచ్చులో, మూతబిళ్లను మరో అచ్చులో తీసి, అల్ట్రాసోనిక్ కంపనాలతో అతికిస్తారు. అప్పుడు నీటి దారి అద్దంలా నునుపుగా ఉంటుంది. షాఫ్టు పట్టే చోట మాత్రం లోహపు బుష్ పొదుగుతారు. తిప్పే బలాన్ని అక్కడ ప్లాస్టిక్ ఒక్కటే ఓర్చుకోలేదు. గన్‌మెటల్ నీటికి ఎనిమిది రెట్లకు పైగా బరువు. నోరిల్ బరువు దాదాపు నీటితో సమానం. తుప్పు భయం అసలే లేదు.

లోహం వదలని చోట్లు

నోరిల్‌కు ప్రాణాంతకం ఎండు పరుగు. బోరులో నీరు అడుగంటినా మోటారు తిరుగుతూనే ఉంటే, చల్లార్చే నీరు లేక రాపిడి వేడి పెరుగుతుంది. రకాన్ని బట్టి 100 డిగ్రీలు దాటాక ప్లాస్టిక్ మెత్తబడుతుంది, ఇంపెల్లర్ వంకరపోతుంది. ఇసుక పోసే బోరులో అంచులు అరిగి ఒత్తిడి పడిపోతుంది. కాబట్టి స్టార్టర్ బోర్డులో డ్రై రన్ రక్షణ పెట్టించుకోవడం రైతుకు ఖర్చు కాదు, పంపుకు బీమా. షాఫ్టు స్టీలుదే, వైండింగు రాగిదే. అయస్కాంత క్షేత్రాన్ని మోసే కోరు సిలికాన్ స్టీలుదే. అక్కడ ప్లాస్టిక్ ఏమీ చేయలేదు.

లోహానికి తిరగబడే సందర్భమూ ఉంది. షాఫ్టు సీలు లేకుండా బయటి అయస్కాంతం లోపలి అయస్కాంతాన్ని తిప్పే పంపుల్లో రెండింటి మధ్య ఒక గోడ ఉంటుంది. అది లోహమైతే అందులో సుడి కరెంట్లు పుట్టి వేడెక్కుతుంది. ప్లాస్టిక్ గోడలో ఆ నష్టం ఉండదు.

ఒక లెక్క ఇంకా తేలలేదు. అరిగిన గన్‌మెటల్ ఇంపెల్లర్‌ను పాత సామాన్లవాడు తూకం వేసి డబ్బిస్తాడు, అది మళ్లీ కొలిమికి చేరుతుంది. నోరిల్‌నూ కరిగించి మళ్లీ వాడవచ్చు, కానీ విరిగిన ముక్కలను అడిగేవాడు లేక చెత్తలో పడుతున్నాయి. పంపు అమ్మే కంపెనీయే కొత్త ఇంపెల్లర్ ఇచ్చేటప్పుడు పాతది వెనక్కి తీసుకోవాలి. నీటిని తోడే పనిలో ఇంత నమ్మకం సంపాదించిన పదార్థాన్ని చేను గట్టున పారేయడం తగదు.