గుంటలు పంచారు, బాట మరిచారు

వానాకాలంలో నల్లరేగడి చేనుకు బాట లేకపోతే ఆ చేను ఉన్నా లేనట్టే. ఎరువు బస్తా నెత్తిన మోయాలి, ట్రాక్టరు గెట్టు దగ్గరే ఆగిపోతుంది, ఏరిన పత్తి ఇంటికి చేరదు. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజన్‌లోని మనూర్ పల్లెలకు ఈ కష్టం కొత్తది కాదు. భూమి పంచుకునే రోజు గుంట గుంటా కొలుస్తాం, బాటను మాత్రం నోటిమాటకు వదిలేస్తాం. ఈ అలవాటు వెనక ఒకటిన్నర శతాబ్దాల కాగితాల చరిత్ర ఉంది.

నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత, 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో, నిజాం సర్కారు బొంబాయి పద్ధతిలో భూములు కొలిపించింది. గొలుసు పొడవు 33 అడుగులు. ఆ కొలతకు చదరంగా పడిన నేల గుంట, నలభై గుంటలు ఎకరం. సర్వే నంబరు, విస్తీర్ణం సేత్వార్ అనే మూల రికార్డుకెక్కాయి. ఊరి నక్షాలో బండ్లబాటలు గీతలుగా పడ్డాయి. వాటినే ఇవాళ్టికీ నక్షాబాట అంటున్నాం. కానీ ఆ కొలతలన్నీ శిస్తు కోసం. ఒక సర్వే నంబరు లోపల అన్నదమ్ములు వేసుకున్న బాటతో సర్కారుకు పనిలేదు. తాతల నాటి ఒక నంబరు మనవల నాటికి ఆరు ముక్కలైనా నక్షాలో పాత గీతలే మిగిలాయి. 1954–55 ఖాస్రా పహాణీలో పట్టాదారు, కాస్తుదారు పేర్లు దొరుకుతాయి. లోపలి ముక్కకు ఎటునుంచి పోవాలో దొరకదు. అది పట్వారీకి, ఊరి పెద్దలకు నోటికి తెలుసు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది, తెలిసిన పెద్దలూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తెల్లకాగితం మీద సాదాబైనామా రాసుకుని కొన్నవారికి విస్తీర్ణం, నాలుగు హద్దులే మిగిలాయి.

1956లో హైదరాబాద్ రాష్ట్రం మూడుగా విడిపోయింది. పక్కనే ఉన్న బీదర్ మైసూరుకు, ఉత్తరాన నాందేడ్ బొంబాయి రాష్ట్రానికి, అంటే నేటి మహారాష్ట్రకు వెళ్లాయి. మెదక్ జిల్లాతో పాటు ఈ ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. 1966 నాటి మహారాష్ట్ర భూ రెవెన్యూ చట్టం 143వ సెక్షన్ ఒక మంచి దారి చూపింది. పక్క నంబర్ల గెట్ల మీదుగా తన చేనుకు బాట కావాలని రైతు అడిగితే తహసీల్దారే విచారించి తేల్చవచ్చు. ఒకనాడు ఒకే నిజాం కింద ఉన్న నాందేడ్ రైతుకు ఉన్న ఆ వీలు మన రైతుకూ ఉండవలసింది.

చేని బాటను కాపాడటం రాజ్యం పని అని పూర్వులు ఎరుగుదురు. కౌటిల్యుని అర్థశాస్త్రం పొలాలకు పోయే దారిని అడ్డగిస్తే 54 పణాల జరిమానా చెప్పింది. మనుషులు నడిచే చిన్న దారికైతే 12 పణాలు. రోమన్ల పన్నెండు పట్టికల శాసనం బండిబాట వెడల్పు తిన్నగా ఉన్నచోట 8 అడుగులు, మలుపులో 16 అడుగులు ఉండాలంది. బండి తిరగడానికి ఎక్కువ చోటు కావాలని రెండున్నర వేల ఏళ్ల కిందటే రాసిపెట్టారు.

మనకు ఆధారం 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం. భూమి అమ్మినా పంచినా, ఒకరి ముక్కకు ఇంకొకరి ముక్క మీదుగా తప్ప దారి లేకపోతే ఆ దారి హక్కుగా వస్తుందని దాని 13వ సెక్షన్ చెబుతుంది. బాట ఎటు వేయాలో చూపే అధికారం 14వ సెక్షన్ ప్రకారం నేల ఇచ్చేవారిదే, కాకపోతే అది నడిచేవారికి తగినంత అనుకూలంగా ఉండాలి. వేరే దారి దొరికిన రోజున ఈ అవసరపు హక్కు పోతుంది. 15వ సెక్షన్ హక్కు ఇంకో రకం. ఇరవై ఏళ్లు బహిరంగంగా, అడ్డంకి లేకుండా, హక్కుగా నడిచినట్టు రుజువు చేయాలి. అడిగి, అనుమతితో నడిస్తే ఎన్నేళ్లయినా హక్కు రాదు. పాలోళ్ల మంచితనం మీద సాగిన బాట, ఆ చేను చేతులు మారిన రోజున తెగేది ఇందుకే. గొడవ ముదిరితే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 166వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ శాంతి కోసం ఉత్తర్వు ఇవ్వగలరు. హక్కు తేల్చేది సివిల్ కోర్టే, అక్కడ ఏళ్లు పడుతుంది.

ఇంత తగవుకు కారణమయ్యే నేల ఎంత? చదరపు ఎకరం ఒక అంచు పొడవునా పదడుగుల బాట వదిలితే రెండు గుంటలకు లోపే. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం, రిజిస్ట్రేషన్లకు, పంపకాలకు సర్వే నక్షా జతచేసే ఏర్పాటు తెచ్చింది. ఆ నక్షాలో బాట కూడా పడాలి. పహాణీలో చేయలేని పని ఇప్పుడు చేసుకునే అవకాశం ఇది.

పంచుకునేవారు వీలైతే ప్రతి ముక్క మొగదల బాటకు తగిలేలా నిలువుగా కోసుకోండి. కుదరకపోతే బాట ఏ గెట్టు వెంట, ఎన్ని అడుగుల వెడల్పున, ఎవరెవరికి అన్నది దస్తావేజులో రాయించండి. కొనేవారు అడ్వాన్సు ఇచ్చేముందు ఊరి నక్షా చూడండి, చేనుదాకా బండి తోలుకుని పోయి చూడండి. బాట రాయని కాగితం మీద సంతకం పెట్టకండి.